మా అమ్మాయి ఫుట్‌బాల్ కొనసాగించాలా? గాజువాక తండ్రి ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా ఇదీ సంగతి. గాజువాకలో ఉంటారు. అమ్మాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. బడి మైదానంలో మగపిల్లలతో కలిసి ఫుట్‌బాల్ ఆడుతోంది, బాగా ఆడుతోందని వ్యాయామ ఉపాధ్యాయుడు చెప్పారు. మన దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ నిజంగా ఎదుగుతోందా, లేక నాలుగు రోజుల టీవీ హడావుడేనా అన్నది మీ సందేహం. క్రికెట్‌లో చేర్చితే నయమని మీ శ్రీమతి అంటున్నారు. ఇంతకీ బూట్లు ఏవి కొనాలని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఎదుగుతోంది, కానీ పైన జాతీయ జట్టులో కనిపిస్తున్నంత ఎదుగుదల కింద మన ఊళ్ల మైదానాల్లో లేదు. అమ్మాయిని ఆడనివ్వండి. పదో తరగతి దాకా మరో ఆలోచన లేకుండా ఆడనివ్వండి. దీనితోనే బతుకుతెరువు అని మాత్రం ఇప్పుడే తీర్మానించుకోకండి. ఎక్కడైనా శిక్షణకు చేర్చబోయే ముందు ఫీజు ఎంత, గడ్డి మైదానం ఉందా అని అడిగేకంటే ఒక్క ప్రశ్న అడగండి: ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు? తడుముకోకుండా అంకె చెప్పగలిగిన చోట చేర్చండి.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ఆంధ్ర విశ్వవిద్యాలయం జట్టుకు మూడేళ్లు ఎడమవైపు డిఫెండర్‌గా ఆడాను. ఇప్పుడు నగరంలో ఒక డిగ్రీ కళాశాలలో వ్యాయామ విద్య చెబుతున్నాను. 19 ఏళ్లుగా సాయంత్రాలు, ఆదివారాలు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. నా దగ్గర పొడవాటి పద్దుల పుస్తకం ఒకటి ఉంది, కిరాణా కొట్లో అరువులు రాసుకునేలాంటిది. ఒక్కో అమ్మాయికి ఒక్కో పేజీ. శిక్షణకు వచ్చిన రోజులు ఒక వరుస, మ్యాచ్‌లో ఆడిన నిమిషాలు ఇంకో వరుస.

అది హాజరు కోసం మొదలుపెట్టిన పుస్తకమే. మూడో ఏడాది చివర్లో ఒక రాత్రి కూర్చుని కూడికలు వేస్తుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయి ఇక్కడి మత్స్యకారుల పేట పెదజాలారిపేట నుంచి వచ్చేది. ఇసుకలో పరిగెత్తి గట్టిపడిన కాళ్లు. ఆ ఏడాది 170 రోజులు శిక్షణకు వచ్చింది. మ్యాచ్‌లు ఆరంటే ఆరు. అందులో ఒకటి ఎదుటి జట్టు రాక వాకోవర్. మిగిలిన ఐదింటిలో కలిపి ఆమె ఆడినది 214 నిమిషాలు. ఏడాది పొడవునా కలిపినా నాలుగు గంటలు లేదు. ఆమె తమ్ముడు ఆదివారం పొద్దున ఇంట్లోంచి బయటపడితే భోజనాల వేళకు అంత ఆట ఆడేసి వచ్చేవాడు.

శిక్షణలో బంతి ఎటు నుంచి వస్తుందో పిల్లకు ముందే తెలుసు. మ్యాచ్‌లో ఒకరు వెనక నుంచి భుజంతో నెడుతుంటారు, ముందు దారి మూసుకుపోతుంటుంది, అర క్షణంలో తలెత్తి చూసి బంతిని ఎవరికివ్వాలో తేల్చుకోవాలి. ఆ పని శంకువులు పాతి వాటి మధ్య పరిగెత్తిస్తే రాదు. వంద మ్యాచ్‌లు ఆడిన పిల్లకీ పది ఆడిన పిల్లకీ తేడా కాళ్లలో కన్నా మెడలో తెలుస్తుంది. మొదటి పిల్ల బంతి రాకముందే అటూ ఇటూ చూసుకుంటుంది. రెండోది బంతినే చూస్తూ నిలబడుతుంది.

మన దేశం కథ కూడా ఆ పేజీలాగానే నడిచింది. మనవాళ్లకు ఆట చేతకాలేదని చాలామంది అనుకుంటారు. మొదట్లో మనం వెనకబడి లేము. 1975లో మహిళల కోసం విడిగా ఒక ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. కాలికట్‌లో 1980 జనవరిలో ముగిసిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో భారత్ ఫైనల్ దాకా వెళ్లింది. 1981లో మూడో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కు అర్జున పురస్కారం వచ్చింది, మహిళా ఫుట్‌బాలర్లలో అది మొదటిది. ఆ తరువాత మనం ఆగిపోయాం, పక్కవాళ్లు ఆగలేదు. జపాన్ 1989లో మహిళల లీగ్ మొదలుపెట్టింది. చైనా 1991లో మొట్టమొదటి మహిళల ప్రపంచకప్‌ను తన గడ్డ మీదే నడిపింది. 1998 ఆసియా క్రీడల్లో, అదే బ్యాంకాక్‌లో, చైనా మన మీద 16–0తో గెలిచింది. బ్యాంకాక్‌లో మనం ఫైనల్ ఆడినదానికీ ఈ ఓటమికీ మధ్య గడిచింది 15 ఏళ్లు. ఆ 15 ఏళ్లలో మన అమ్మాయిల పరుగు తగ్గిపోలేదు. పక్క దేశాలవాళ్లు వారం వారం ఆడారు, మనం ఏడాదికోసారి ఆడాం. 2009కి వచ్చేసరికి అంతర్జాతీయ మ్యాచ్‌లే లేక ఫిఫా ర్యాంకుల పట్టికలోంచి మన పేరు తీసేశారు. చిట్టచివర ఉండటం వేరు, పట్టికలోనే లేకపోవడం వేరు. అప్పుడు నేను శిక్షణ ఇస్తున్న పిల్లలకు ఆ సంగతి చెప్పలేదు.

ఇంత జనాభా ఉన్న దేశంలో పదకొండు మంది దొరకరా అని మీరూ రాశారు. ఈ మాట ఎక్కడ విన్నా నాకు చిరాకు. జనాభా ఆడదు కదా. 2011 లెక్కల్లో మణిపూర్ రాష్ట్రమంతా కలిపి 28 లక్షల పైచిలుకు. అప్పటి మన ఉమ్మడి విశాఖ జిల్లా ఒక్కటే సుమారు 43 లక్షలు. జాతీయ సీనియర్ మహిళల పోటీలో మణిపూర్ ఇరవైకి పైగా టైటిళ్లు గెలిచింది. పద్మశ్రీ అందుకున్న ఓయినం బెంబెం దేవి అక్కడి అమ్మాయే. 2020లో స్కాట్లాండ్ రేంజర్స్ క్లబ్బుకు ఆడటానికి వెళ్లిన బాలాదేవిదీ ఆ రాష్ట్రమే. అక్కడ పేటపేటకూ క్లబ్బులున్నాయి. ఆడపిల్ల సాయంత్రం బంతి పట్టుకుని బయలుదేరితే ఎక్కడికని ఎవరూ అడగరు. మనకు దగ్గరలో చూడాలంటే ఒడిశా. విశాఖలో రైలెక్కితే భువనేశ్వర్ ఆరేడు గంటలు. మహిళల జాతీయ లీగ్‌ను ఆ రాష్ట్రం జట్లు రెండుసార్లు గెలిచాయి.

నాకౌట్ పోటీలు ఆడపిల్లల ఆటను ఎదగనివ్వవు. ఇది నా గట్టి అభిప్రాయం, దీనిమీద తోటి కోచ్‌లతో చాలాసార్లు పోట్లాడాను కూడా. కాగితం మీద చూడండి. ఎనిమిది జట్లు వచ్చాయనుకుందాం. నాకౌట్ అయితే మొత్తం ఏడు మ్యాచ్‌లు. నాలుగు జట్లు ఒక్క మ్యాచ్ ఆడి మొదటి రోజే ఇంటికి వెళ్లిపోతాయి. ఓడిన పిల్లకే ఎక్కువ ఆట కావాలి, ఈ పద్ధతి సరిగ్గా ఆమెనే ముందు పంపించేస్తుంది. అవే ఎనిమిది జట్లు లీగ్ ఆడితే, అంటే ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడితే, 28 మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు ఏడు. ఖర్చు పెరుగుతుందంటారు. అందరినీ ఒక ఊరికి రప్పించి, భోజనాలు పెట్టి, వేదిక కట్టి, జ్ఞాపికలు పంచితే ఖర్చే మరి. మేము ఐదు జట్లతో ఆదివారాల లీగ్ నడుపుతున్నాం. ఏడుగురేసి పిల్లలు, సగం మైదానం, 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఒక్కో జట్టు మిగతా నాలుగింటితో రెండేసి సార్లు ఆడుతుంది, అంటే ఎనిమిది మ్యాచ్‌లు. వేదిక లేదు, మైకు లేదు. ఖర్చల్లా నిమ్మకాయ నీళ్లు, సున్నం, విజిల్ వేసే కుర్రవాడికి టిఫిను. మొదటి ఏడాది రెండు జట్లకు బనియన్లు లేక ఒక జట్టు దుపట్టాలు అడ్డంగా కట్టుకుని ఆడింది. ఆ పద్ధతి వచ్చాక నా పుస్తకంలో నిమిషాల వరుస మూడింతలైంది.

మన రాష్ట్రంలో ఈ పని పెద్ద ఎత్తున చేసి చూపించింది అనంతపురం. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్ల క్రీడా గ్రామంలో పల్లెటూరి పిల్లలకు, ఆడపిల్లలతో సహా, లీగ్ పద్ధతిలో ఫుట్‌బాల్ అలవాటు చేశారు. రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆ జిల్లా పిల్లలు ఎదురైనప్పుడు మా పిల్లలకు తేడా మొదటి పది నిమిషాల్లోనే అర్థమయ్యేది. ఒకరి మీద ఒకరు అరుచుకోకుండా ఆడతారు. ఎవరు ఎక్కడుంటారో వాళ్లకు అలవాటైపోయింది.

విశాఖకు ఉన్న ఒక ఇబ్బంది చెబుతాను, నవ్వకండి. మనకు పొద్దు తొందరగా గుంకుతుంది. డిసెంబరులో ఐదున్నర కాకముందే సూర్యుడు కొండల వెనక్కి వెళ్లిపోతాడు. బడి నాలుగింటికి వదులుతారు. పిల్ల బస్సు దిగి మైదానానికి వచ్చి బూట్లు కట్టుకునేసరికి నాలుగూ ముప్పావు. మిగిలింది 40 నిమిషాలు. మగపిల్లలు వీధి దీపం కింద ఏడింటి దాకా ఆడతారు. ఆడపిల్లకు చీకటి పడకముందే ఇంటి నుంచి ఫోను వస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా నా పుస్తకంలో హాజరు సగానికి పడిపోయేది. పొద్దునపూట పెడదామంటే, మా జాలారిపేట పిల్ల తెల్లవారుజామున తల్లితో చేపల రేవుకు వెళ్లాలి. చివరికి ఆ మూడు నెలలు శని, ఆదివారాల మధ్యాహ్నం మూడింటికి మార్చాను. ఆ ఎండ పిల్లలు తట్టుకుంటారు, కోచ్‌కే కష్టం. మీరు ఎక్కడ చేర్చినా శీతాకాలం వేళలు ఏమిటో అడగండి.

ఇక పైస్థాయి సంగతి. టీవీలో మీరు చూసినది అబద్ధం కాదు. 2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి మన జట్టు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. రెండు గోల్సూ సంగీత బాస్ఫోర్‌వే. క్వాలిఫయర్లు ఆడి గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మనకు ఇదే మొదటిసారి. ఆ రోజు రాత్రి మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఫోన్లు చేతులు మారాయి. ఆ జట్టులోని సౌమ్య గుగులోత్ నిజామాబాద్ జిల్లా అమ్మాయి, క్రొయేషియాలో క్లబ్బుకు ఆడి వచ్చింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024–25కి ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెనే ఎంపిక చేసింది. తెలుగు నేల మీద పుట్టిన పిల్లకు ఇది దొరకదనే మాట ఇక చెల్లదు.

ఆతిథ్యాల మీద మాత్రం నాకు పెద్దగా నమ్మకం లేదు. 2022 జనవరిలో ఆసియా కప్ మన దేశంలో జరిగింది. ఇరాన్‌తో ఒక్క మ్యాచ్ 0–0గా ముగిశాక జట్టులో కోవిడ్ వ్యాపించి మనం టోర్నీ నుంచే తప్పుకున్నాం. అక్టోబరులో 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచకప్ ఇక్కడే. అమెరికా చేతిలో 0–8, మొరాకో చేతిలో 0–3, బ్రెజిల్ చేతిలో 0–5. ఆ పిల్లలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నెలల తరబడి శిబిరంలో ఉంచి తయారుచేశారు. శిబిరం శిక్షణే కదా. ఎదురుగా నిలబడిన అమ్మాయిలు చిన్నప్పటి నుంచి మ్యాచ్‌లు ఆడుతూ వచ్చారు.

జాతీయ లీగ్ పెరిగిన తీరులోనే అసలు మార్పు ఉంది. 2017లో మొదటి ఇండియన్ విమెన్స్ లీగ్ తుది దశ అంటే ఆరు జట్లు, ఒక్క ఢిల్లీ నగరం, మూడు వారాల లోపే. 2024–25లో ఎనిమిది జట్లు, సొంత ఊళ్లోనూ పరాయి ఊళ్లోనూ ఆడే పద్ధతి, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. ఆ ఏడాది ఇంగ్లాండ్‌లో ఇదే స్థాయి లీగ్‌లో 22. దూరం తగ్గుతోంది. ఆ ఎనిమిదింటిలో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు, అది వేరే బాధ. లీగ్‌లో ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2023లో సమాఖ్య నిర్ణయించింది. నెలకు 26 వేల పైచిలుకు. ఎనిమిది జట్లు, జట్టుకు పదిమంది. దేశం మొత్తానికి ఆ భరోసా ఉన్న చోట్లు ఎన్నో మీరే లెక్కవేసుకోండి. అందుకే ఇప్పుడే తీర్మానించుకోవద్దన్నాను.

నా పుస్తకంలో ఇప్పటికి 200కు పైగా పేర్లున్నాయి. జాతీయ శిబిరం దాకా వెళ్లినది ఒక్కతే. ఇద్దరికి క్రీడా కోటాలో రైల్వే ఉద్యోగాలు వచ్చాయి. ఎనిమిది మంది వ్యాయామ ఉపాధ్యాయినులు, వాళ్లలో ముగ్గురు తమ బళ్లలో ఆడపిల్లల జట్లు పెట్టారు. మిగతావాళ్లు నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు. ఆట వల్ల చదువు చెడిన పిల్ల నాకు ఎదురుకాలేదు. చదువు పేరుతో ఆట మాన్పించిన పిల్లలు మాత్రం పేజీలకు పేజీలు ఉన్నారు. ఆ పేజీలన్నీ తొమ్మిదో తరగతి జూన్‌లో ఆగిపోతాయి.

మీ శ్రీమతి మాటలో న్యాయం ఉంది. 2025 అక్టోబరులో ఇక్కడ మహిళల క్రికెట్ ప్రపంచకప్ మ్యాచ్‌లు జరిగినప్పుడు క్రికెట్ స్టేడియం ఉన్న పోతినమల్లయ్యపాలెం దారి జనంతో నిండిపోయింది. కప్పు మనం గెలిచాం, ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. డబ్బు, గుర్తింపు చూస్తే క్రికెట్ చాలా ముందుంది. కానీ పిల్ల కాలు బంతి కోసం తహతహలాడుతుంటే చేతికి బ్యాటు ఇచ్చి ఏం లాభం? ఒక వేసవి రెండూ ఆడించి చూడండి. ఏది మానమంటే ఏడుస్తుందో అదే ఆమె ఆట.

కొన్ని జాగ్రత్తలు, నేను దెబ్బతిని నేర్చుకున్నవి.

మోకాలు. మోకాలి ఎముకలను కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లలకు బాగా ఎక్కువ, అందులోనూ 14 ఏళ్లు దాటాక. నా దగ్గర బాగా ఆడే పిల్ల ఒకతె ఎవరూ తగలకుండానే, గాలిలోకి ఎగిరి దిగుతూ కూలబడింది. ఆ చిన్న టప్పుమన్న శబ్దం నాకు ఇంకా గుర్తుంది. శస్త్రచికిత్స చేయించారు కానీ మళ్లీ ఆడలేదు. అప్పటిదాకా నేను రెండు చుట్లు పరిగెత్తించి సన్నాహం అయిందనుకునేదాన్ని, ఆ తప్పు నాదే. ఇప్పుడు ఫిఫా 11+ అనే వరుసతోనే మొదలుపెడతాం. 15 వ్యాయామాలు, 20 నిమిషాలు. మీ కోచ్ అది చేయించకపోతే అడగండి.

రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రెండో సగంలో పిల్ల నడుస్తుంటే బద్ధకమని తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నేను ఒక పిల్లను రెండు నెలలు తిట్టాక తెలిసింది, ఆమెకు హిమోగ్లోబిన్ 8 మాత్రమే ఉంది.

పుట్టిన తేదీ. బడి రికార్డు, ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం మూడింటిలో ఒకే తేదీ, ఒకే స్పెల్లింగ్ ఉండాలి. ఇప్పుడే చూసుకోండి. చిన్న వయసు విభాగాల్లో ఎముకల వయసు పరీక్ష కూడా చేస్తారు. ఒక్క అక్షరం తేడా వల్ల రైలు టికెట్టు కొన్నాక జట్టులోంచి పేరు తీసేసిన పిల్ల నాకు తెలుసు.

ప్రయాణం. జట్టుతో పాటు మహిళ ఎవరైనా వెళుతున్నారా, బస ఎక్కడ అని అడగడానికి మొహమాటపడకండి. ఊరి పేరు చెప్పను, ఒకచోట మాకు తరగతి గదులు ఇచ్చారు, మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. మూడు రాత్రులు పిల్లలు వంతులవారీగా తలుపు పట్టుకుని నిలబడ్డారు. మరుసటి ఏడాది ఆ జట్టులో నలుగురిని ఇళ్లలో పంపలేదు. ఎందుకు పంపలేదో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, నాకు మాత్రం తెలుసు.

మగపిల్లలతో కలిసి ఆడుతోందని కాస్త ఇబ్బందిపడుతూ రాసినట్టున్నారు. నా దృష్టిలో అదే మీ అమ్మాయికి దొరికిన పెద్ద అదృష్టం. వాళ్లతో ఆడితే తొందరగా ఆలోచించక తప్పదు. ఇంకో ఏడాది, రెండేళ్లు ఆడనివ్వండి. ఆ పైన శరీర బలంలో తేడా పెరుగుతుంది, అప్పుడు ఆడపిల్లల జట్టు చూడవచ్చు. ఈలోగా బడి క్రీడల సమాఖ్య పోటీలు, బళ్ల మధ్య జరిగే సుబ్రతో కప్‌లో 17 ఏళ్లలోపు బాలికల విభాగం, ఆడపిల్లల కోసం నడిచే ఖేలో ఇండియా అస్మిత లీగ్‌లు, వీటిలో బడి తరఫున పేరు పంపమని వ్యాయామ ఉపాధ్యాయుడి వెంట పడండి. చాలా బళ్లు పంపవు. అడిగే తండ్రి లేకే పంపవు.

బూట్ల విషయం. మన మైదానాలు ఎక్కువగా గట్టి ఎర్రమట్టి. పొడవాటి ముళ్లున్న బూట్లు మెత్తటి పచ్చికకు పనికొస్తాయి. ఇక్కడ వేస్తే అరికాలు మంట, మడమ నొప్పి. అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలు చాలా ఉండే రకం తీసుకోండి. సాయంత్రం పూట, ఆటకు వేసుకునే మేజోళ్లతోనే కొలవండి, పగలంతా నడిచాక పాదం కాస్త పొంగుతుంది. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ చాలు. ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దవి కొనకండి, బంతి తగిలినట్టు కాలికి తెలియదు. బంతి అయితే ఆమె వయసుకు 5వ నంబరు. ముందు బంతి కొనండి, బూట్లు వచ్చే నెల కొన్నా ఫరవాలేదు.